అరిగిన బూట్లు

ఉపకారము చేసిన మనుష్యునియెడ కృతజ్ఞత యుండవలెనని యెల్ల మతములును బోధించుచున్నవి. ఉపకరించిన పశువుయెడ దయ యుండవలెనని పెద్దలు చెప్పుదురు. మరి యుపకరించిన వస్తువు మాట యేమి? అరిగిపోయిన వస్తువునకు మన మేమైనను ఋణపడి యుందుమా? వినుటకిది పిల్లలడుగు ప్రశ్నవలె నున్నను, దీనియందొక చిక్కు కలదు. ఆ చిక్కు మాకు గ్రంథములలో గాక, మా యింటి గుమ్మము ప్రక్కన బూట్లుంచు బల్లమీద నెదురైనది.

మేము కొన్ని యేండ్లుగా తెల్లవారుజామున పరుగెత్తుట యలవాటు చేసికొంటిమి. పరుగెత్తు ప్రతివానికిని ఒక జత బూట్లు మిక్కిలి ప్రియమై యుండును. అవి తప్పక ఖరీదైనవి కానక్కరలేదు. వానిని తొడిగియే మొదటిసారి ఆగకుండ పది కిలోమీటర్లు పోయి యుండును. జ్వరము తగ్గి లేచిన పిదప వానితోనే మరల వీథిలో అడుగిడి యుండును. ఇంట పెద్దదిక్కు పోయిన దినములలో, ఎవరితోను మాటలాడ మనసొప్పక, వానితోనే చెరువుగట్టుమీద ఒంటిగా పరుగెత్తి యుండును. అట్టి జత అరిగినప్పుడు చేతులారా పారవేయుట కష్టము. విశ్రాంతి యిచ్చితిమని చెప్పుకొని యొక మూల దాచుదుము. మావియు నట్లే రెండేండ్లు మూలనుండెను.

ప్రాచీన గ్రీకు రచయితయగు ప్లూటార్కు, రోమనుడైన కేటో చరిత్రమును వ్రాయుచు, ముసలి బానిసల నమ్మివేయుట గృహస్థునకు లాభమనిన యాతని కాఠిన్యమును నిందించెను. స్పెయిను దేశమున యుద్ధములందు తన్ను మోసిన గుర్రమును, ఓడకూలి ప్రజాధనమునకు భారమగునని యచ్చటనే విడిచివచ్చిన సంగతియు చెప్పెను. ప్రాణముగల వానిని చెప్పులవలెను గిన్నెలవలెను వాడుకొని, అరిగినంతనే పారవేయరాదని ప్లూటార్కు తీర్పు. తీర్పు మంచిదే. కాని యందు చెప్పు దేనికుదాహరణమైనదో చూడుడు. నిశ్చింతగా పారవేయదగిన దానికి!

పూర్వపక్షము స్పష్టముగనే యున్నది. చెప్పు జడము. దానికి ఆకలి లేదు, అవమానము లేదు. సుఖదుఃఖములు లేని దానియెడ ధర్మాధర్మములెక్కడివి? అదియుగాక, పరుగు మనుష్యునిదే కాని బూటుది కాదు. ఇథియోపియా దేశస్థుడగు అబేబే బికీలా 1960వ సంవత్సరమున రోము ఒలింపిక్కు మారథానును వట్టికాళ్లతో పరుగెత్తి, 2 గంటల 15 నిమిషముల 16 సెకండ్లలో గెలిచెను. 1964లో టోక్యోనగరమున బూట్లు తొడిగి, 2 గంటల 12 నిమిషముల 11 సెకండ్లలో మరల గెలిచెను. బూట్లు లేకపోవుట యాతని నోడింపలేదు. బూట్లుండుటయే యాతని గెలిపింపలేదు. కావున పాతబూటును చూచి కన్నీరు కార్చుట బాల్యచాపల్యమని యీ పక్షమువారి మాట.

దీనికి బదులు చెప్పువారు భరతుని జూపుదురు. అతడు పాదుకలను సింహాసనమున నిలిపి పదునాలుగేండ్లు రాజ్యభారము వహించెను. వేదాంతదేశికులు ఆ పాదుకలమీదనే వేయియెనిమిది శ్లోకముల కావ్యము రచించిరి. పాశ్చాత్యులకును ఈ భావము క్రొత్త కాదు. 1954వ సంవత్సరము మే 6వ తేదీన ఆక్స్‌ఫర్డునందు రోజరు బానిస్టరు మైలుదూరమును 3 నిమిషముల 59.4 సెకండ్లలో పరుగెత్తెను. నాలుగు నిమిషములలోపల మైలు పరుగెత్తిన మొదటివా డాతడే. ఆనాడు తొడిగిన బూట్లు 2015లో లండను వేలములో రెండులక్షల అరువదియారువేల అయిదువందల పౌనులకు పోయినవి.

ఈ దృష్టాంతములు మనోహరములే కాని మా ప్రశ్నకు సమాధానములు కావు. భరతుడు పూజించినది కొయ్యను గాదు, అన్నను. వేలమునందు కొన్నవారు కొన్నది తోలును గాదు, ఆ నాలుగు నిమిషములను. మరి మేము మూలనుంచిన బూట్లయందు మాకుగల ప్రేమ యెవరిమీదిది? ఆ చెరువుగట్టు మీద పరుగెత్తినవారము మేమే. ఆ జ్వరము మాది, ఆ దుఃఖము మాది. నిజము చెప్పవలెనన్న, ప్రియమైన పాతబూటునందు మనము ప్రేమించునది మనలనే. ఇందు పాపము లేదు. ఐనను ఈ ప్రేమను కృతజ్ఞత యనియో ఔదార్యమనియో పిలిచిననాడు కీడు మొదలగును. అట్టి కీడు మావలననే జరిగినది.

మా పాఠశాలయందు తొమ్మిదవ తరగతి చదువు బాలుడొకడు వట్టికాళ్లతో మైదానమున చక్కగా పరుగెత్తుచుండెను. జిల్లా పోటీలు సమీపించుచుండెను. మాకు మూలనున్న బూట్లు జ్ఞప్తికి వచ్చినవి. వానిని కడిగి, యెండబెట్టి, క్రొత్తతాళ్లు ఎక్కించి వానికిచ్చితిమి. తోడి యుపాధ్యాయులు మెచ్చుకొనిరి. ఆ రాత్రి మాకు మంచినిద్ర పట్టెను. మూడు వారములకు బాలుడు మైదానమునకు వచ్చుట మానెను. అడిగిన బదులు చెప్పడు. తుదకు వాని తల్లి బడికి వచ్చి, సంకోచించుచునే యిట్లు చెప్పెను: “మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఆ బూట్లు తొడిగిన కాడినుంచీ వాడికి రాత్రిళ్లు కాళ్లు సలుపులండి. మీరిచ్చినవి కదా అని వద్దనలేకపోతున్నాడు.”

బూట్లను తెప్పించి బల్లమీద నిలిపి చూచితిమి. మడమల వెలుపలి యంచులు అరిగి, రెండును ప్రక్కకు వాలెను. అది మా నడకలోని వంకర. ఆ వంకరను మేము బాలుని కాలికి తొడిగితిమి. పరుగుబూటు నిర్మాణమే యిట్టిది. పైగుడ్డకును అడుగు రబ్బరునకును నడుమ నురుగువంటి మెత్తని పొర యుండును. సామాన్యముగా దానిని ఎథిలీన్ వినైల్ ఎసిటేట్ అను పదార్థముతో చేయుదురు. దానిలోని సన్నని గాలియరలు, పరుగెత్తువాని బరువునకు రెండుమూడు రెట్లగు తాకిడిని ప్రతి యడుగునను తామే భరించును. కిలోమీటరునకు ఒక్కొక్క కాలు ఇంచుమించు అయిదువందల మారులు నేల తాకును. ఇట్లు అయిదువందలు మొదలు ఎనిమిదివందల కిలోమీటర్లు పోవునప్పటికి ఆ యరలు నలిగి, మరల పొంగుట మానును. కాని పైగుడ్డ చెడదు, రంగు పోదు. రూపము నిలిచి యుండగనే ప్రాణము పోవును. బాలుని బాధకు బూట్లొక్కటియే కారణమని మేము ప్రమాణము చేయజాలము. ఐనను, మేము వానిని మూలనుంచినదే మా మోకాళ్లు నొచ్చుచుండుటచేత. మాకు పనికిరానివి వానికి పనికివచ్చునని యెట్లు తలచితిమి?

కఠోపనిషత్తు బోధించుచు పలుమారులు పిల్లలకు చెప్పిన కథ అప్పుడు మాకు తగిలినది. నచికేతుని తండ్రి యజ్ఞము చేసి, పాలుడిగి, ఈనుటకు శక్తిలేని గోవులను దానమిచ్చెను. కుమారుడు చూచి కలతపడెను. ఆ తండ్రి గోవులను దానమిచ్చితినని లెక్క వ్రాసికొనెను. మేము బూట్లను దానమిచ్చితిమని లెక్క వ్రాసికొంటిమి. బల్లమీద చోటు మాకు దొరికినది, నొప్పి బాలునికి దొరికినది, పుణ్యము మరల మాకే! కృతజ్ఞతచేత వాడు నోరు మెదపలేకపోవుట యన్నిటికంటెను ఘోరము. గ్రహీతకు కాదనుటకు వీలులేని దానము దానము కాదు, ఒకవిధమగు దండన.

ఇది మా యొక్కరి దోషము మాత్రమే కాదు, మన సంఘములో పాతుకొన్న దోషము. చద్దియన్నము, చినిగినబట్ట, విరిగిన మంచము క్రిందివారి కిచ్చి ధర్మము చేసితిమనుకొనుట మనకు తరతరముల యలవాటు. చెప్పులకథ మరియు చేదు. తోలు నానవేసి చెప్పులు కుట్టినవారే, చెప్పులు తొడిగి పైకులములవారి వీథిలో నడువరాదను కట్టుబాటు మన గ్రామములనేకములలో నుండెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసినది. కాని “వారికిది చాలును” అను తలపును ఏ శాసనమును రద్దుచేయజాలదు. దానిని మనమే మన మనసులనుండి తీసివేయవలెను.

కావున మా సిద్ధాంతమిది. వస్తువునకు మనము ఋణపడము. ఐనను వస్తువు ఒంటిగా నుండదు. దానికొక వైపున చేసినవారును, వేరొక వైపున మనతరువాత దాని నందుకొనువారును ఉందురు. మన ఋణము వారికి. 2013లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు లెక్కించి, ఒక జత పరుగుబూట్లు సిద్ధమగుటకు 360కి పైగా పనులు జరుగవలెననియు, దానివలన ఇంచుమించు 14 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువునకు సమానమగు మలినము గాలిలో కలియుననియు చెప్పిరి. అన్ని చేతులు పడిన వస్తువును మోజుతీరిన మరునాడే పారవేయుట ఆ చేతులకు అపచారము. గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికా చెరసాలలో కుట్టిన చెప్పులను జనరల్ స్మట్సున కిచ్చెను. ఆ ప్రతిపక్షి వానిని పలు వేసవులు తొడిగి, 1939లో గౌరవముతో తిరిగి పంపెను. చేసిన చేతిని తలచుకొని తొడుగుట యనగా నదియే.

దీనినుండి కొన్ని నియమములు వచ్చును. అవసరమునకు మించి కొనరాదు. కుట్టు విడిచిన బూటును, బస్సులు నిలుచుచోట చెట్టుక్రింద కూర్చుండు చర్మకారునికిచ్చి, బేరమాడక కూలి చెల్లించి బాగుచేయించుకొనవలెను. పరుగునకు పనికిరానిది తోటపనికి పనికివచ్చును. తోటపని మనదే కావలెను. ప్రియమైన జత నొకదానిని దాచుకొనదలచినవారు దాచుకొనవచ్చును. దానిని త్యాగమని మాత్రము పిలువరాదు.

ఇతరుల కీయదలచితిమా, ముందుగా ఆ బూట్లను మరల మన కాళ్లకే తొడిగి ఒక మైలు పరుగెత్తవలెను. నొప్పిలేకుండ తిరిగివచ్చితిమా, ఇయ్యవచ్చును. లేదా, క్రొత్తవి కొని యియ్యవలెను. శక్తి చాలదా, ఊరకుండవలెను. మేము ఆ బాలునికి వాని పాదపు కొలత తీయించి క్రొత్తజత కొంటిమి. పోటీలకు వేళ మించిపోయినది. వాడు మరుసటియేటికి సిద్ధమగుచున్నాడు. పాతజత మా పెరటిలో నున్నది. మొక్కలకు నీరుపోయునప్పుడు వానిని తొడుగుకొందుము. అడుగు వాలినప్పుడెల్ల మా వంకర మాకు తెలియుచునే యున్నది.