గీత కుదిరినంత మాత్రాన

ఒక సిద్ధాంతం లెక్కకు సరిపోతే అది నిజమైనట్టేనా? ఇది పాత ప్రశ్నే. పందొమ్మిదో శతాబ్దం చివర పరమాణువుల ఉనికిని గురించి జరిగిన వివాదమంతా దీని చుట్టూనే తిరిగింది. కంటికి కనిపించని పరమాణువు లెక్కలకు పనికొచ్చే కల్పన మాత్రమేననీ, అంతకుమించి చెప్పే హక్కు విజ్ఞానానికి లేదనీ ఎర్నెస్ట్ మాక్ వంటివారు వాదించారు. నీటిలో తేలే సూక్ష్మ రేణువులు ఎడతెగకుండా కదలడాన్ని 1827లో రాబర్ట్ బ్రౌన్ చూశాడు. ఆ కదలికకు కారణం నీటి అణువుల తాకిడేనని 1905లో ఐన్‌స్టైన్ గణితం ద్వారా వివరించాడు. జాఁ పెరాఁ దాన్ని ప్రయోగాలతో రుజువు చేశాడు. అణువు కల్పన కాదని తేలింది.

ఆ నీటి కదలికే నేడు రోగి మెదడును పరీక్షించే సాధనమైంది. దానితోపాటు ఆ పాత ప్రశ్న గూడా కొత్త వేషంలో తిరిగి వచ్చింది.

ఎం.ఆర్.ఐ. యంత్రం ముఖ్యంగా శరీరంలోని నీటి నుంచి సంకేతాన్ని అందుకుంటుంది. చోటును బట్టి బలం మారే అయస్కాంత స్పందాన్ని ఒకసారి యిచ్చి, కొన్ని మిల్లీసెకన్ల తర్వాత దానికి విరుగుడుగా మరొకటి యిస్తే, కదలని నీటి సంకేతం యథాస్థితికి వస్తుంది. కదిలిన నీటిది రాదు. ఎంత కదలిక వుంటే అంత క్షీణత. ఈ పద్ధతిని 1965లో స్టెయ్‌స్కల్, టానర్‌లు రూపొందించారు. నీరు స్వేచ్ఛగా వున్నప్పుడు క్షీణతకు ఒకే నియమం వుంటుంది: స్పందాల బలాన్నీ వ్యవధినీ కలిపి కొలిచే రాశి సమానంగా పెరిగిన ప్రతిసారీ సంకేతం ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది. దేహపు వేడిమి దగ్గర స్వేచ్ఛగా వున్న నీటి విసరణ గుణకం సెకనుకు సుమారు 0.003 చదరపు మిల్లీమీటర్లు. మెదడు కణజాలంలో అది దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. కణాల పొరలూ తంతువుల గోడలూ నీటికి అడ్డుతగులుతున్నాయన్నమాట. కనక క్షీణత కణజాల నిర్మాణాన్ని గురించి ఏదో చెబుతున్నది. ఏం చెబుతున్నదన్నదే సమస్య.

స్పందాల తీవ్రత బాగా పెంచితే కణజాలంలో ఆ సూటి నియమం చెడుతుంది. అందుకని 1990లలో రెండు క్షీణతల మొత్తాన్ని అమర్చి చూశారు: ఒకటి వేగంగా తగ్గేది, మరొకటి మెల్లగా తగ్గేది. గీత చక్కగా కుదిరింది. వేగమైనది కణాల వెలుపలి నీరనీ, మందమైనది లోపలి నీరనీ పేర్లు పెట్టాలనిపించడం సహజమే. కాని మెదడులో కణాల లోపలి భాగం సుమారు 80 శాతం. లెక్కలో మందమైన భాగం 20, 30 శాతమే వచ్చింది. గీత కుదిరింది, పేరు కుదరలేదు.

2012లో నాడీతంతువుల సాంద్రతను అంచనా కట్టే మరో నమూనా వచ్చింది. తంతువుల వెంబడి విసరణ గుణకం 0.0017 అని అది ముందే బిగించి పెడుతుంది. మామూలు ఆస్పత్రి కొలతలతో అన్ని పరామితులనూ విడదీయడం సాధ్యం కాదు కనక అలా చేయవలసివచ్చింది. ఇలాంటి బిగింపులు సడలిస్తే ఒకే క్షీణతకు భిన్నమైన రెండు అంకెల సమితులు దాదాపు సమానంగా సరిపోతాయని 2016లో పరిశోధకులు చూపించారు. రెండు మిల్లీమీటర్ల ఘనంలో లక్షల తంతువులుంటాయి. యంత్రం యిచ్చేది వాటన్నిటి మొత్తం. ఒక ఊరి సగటు ఆదాయం చూసి భూస్వామినీ కూలీనీ విడదీయగలమా? విడదీయాలంటే బయటినుంచి ఏదో తెచ్చి కలపాలి. అలా తెచ్చినదాన్ని తరువాత ఊరే చెప్పిందనడం న్యాయం కాదు.

అయితే నమూనాలన్నీ ఒకటే, పని జరిగితే చాలు అందామా? ఈ మాట వినయంగా కనిపిస్తుంది గాని, మాక్ వాదమే మళ్ళీ తలుపు తట్టడం. వాస్తవం మన పేర్లకు లొంగదు. ఆ 80 శాతం అడ్డుపడింది కనకనే తప్పు పేరు బయటపడింది. రక్తనాళం మూసుకుపోయిన మెదడు భాగంలో గంటలోపే విసరణ పడిపోతుందని 1990లో పిల్లుల మీద ప్రయోగంలో తేలింది. కణాల ఉబ్బు విసరణను ఏ విధంగా తగ్గిస్తుందో నేటికీ పూర్తిగా తేలలేదు. అయినా, ఎప్పుడు వచ్చిందో తెలియని పక్షవాతంతో నిద్రలేచిన రోగుల్లో, ఈ చిత్రాన్ని మరోరకం ఎం.ఆర్.ఐ. చిత్రంతో పోల్చి, తగినవారికి గడ్డ కరిగించే మందు యిచ్చి చూశారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం బాగా కోలుకున్నవారు మందు పొందినవారిలో 53 శాతం, పొందనివారిలో 42 శాతం. ఇక్కడ అంకె చెప్పింది చిన్నమాటే: ఈ చోట నీటి కదలిక తగ్గింది. ఆచరణ ఆ చిన్నమాటను నిలబెట్టింది. తంతువుల సాంద్రత వంటి పెద్దమాటలకు ఆ పరీక్ష యింకా చాలా మిగిలివుంది. సూక్ష్మదర్శిని కింద కణజాలంతో పోల్చి, వేర్వేరు కొలతలతో ఢీకొట్టించి చూడాలి.

ఇందులో నీతికి సంబంధించిన విషయం ఒకటుంది. బిగింపు ఎంచుకునేది పరిశోధకుడు. దాని ఫలితం మోసేది రోగి. "మీ మెదడులో తంతువులు తగ్గాయి" అన్న మాట విని యింటికి వెళ్ళేవాడికి ఆ గీతను తిరగేసి చూసే శక్తి లేదు. కనక ఆ శక్తి వున్నవాడి మీద బాధ్యత రెట్టింపవుతుంది. కొలిచినదేదో, ఊహించినదేదో విడదీసి చెప్పడం అతని మర్యాద కాదు, రోగి హక్కు. తరగతిలో సూత్రం నేర్పే ఉపాధ్యాయుడు దాని వెనకవున్న ఊహల్ని గూడా నల్లబల్ల మీద రాయాలి. అవి రాయకపోతే విద్యార్థి అంకెల్ని నమ్మడం నేర్చుకుంటాడు గాని, అడగడం నేర్చుకోడు.