ఉప్పు ఎవరిది?

ఎన్నికలు దగ్గర పడితే టీవీల వాళ్లకు శింగనమల గుర్తొస్తుంది. అనంతపురం జిల్లాలోని ఈ ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంలో ఏ పార్టీ గెలిస్తే రాష్ట్రంలో గద్దె ఆ పార్టీదేనని నమ్మకం. 1983లో ఎన్టీఆర్ వచ్చిన ఎన్నిక మొదలుకొని 2024 దాకా ఆ లెక్క తప్పలేదు. అందుకే కెమెరాలు ఇక్కడికి జాతకం చూపించుకోవడానికి వస్తాయి. 2024లో దానికి ఇంకో సందడి తోడైంది. వైఎస్సార్ కాంగ్రెస్ ఒక టిప్పర్ డ్రైవరుకు టికెట్ ఇచ్చింది. ఆ మాట పట్టుకొని రెండు పెద్ద పార్టీల అధినేతలు సభల్లో ఒకరినొకరు దెప్పుకున్నారు. ఎవరు గెలుస్తారని ఈ ఊళ్లను అడిగినంతగా, మీకేం కావాలని అడిగిన వాళ్లు తక్కువ.

అడిగితే వచ్చే జవాబు పెద్ద రహస్యమేమీ కాదు. నీళ్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే జిల్లా ఇది. ఎర్రనేలలో పదును చూసి వేరుశనగ విత్తనం వేసినవాడు ఆ తర్వాత నెల రోజులూ మబ్బుల వంకే చూస్తుంటాడు. పుట్లూరు, యల్లనూరు, నార్పల వైపు చీనీ తోటలు బోర్ల మీద బతుకుతాయి. బోరు ఎండితే తోటను నరికి కట్టెలకు అమ్ముకోవాల్సిందే. శింగనమల ఊరికి శ్రీరంగరాయల చెరువుంది. పేరులో రాజు ఉన్నా, వాన లేని ఏడాది అది ఎదురుచూసేది గార్లదిన్నె మండలంలోని మిడ్ పెన్నార్ నీటి కోసం. మిడ్ పెన్నార్ ఎదురుచూసేది తుంగభద్ర ఎగువ కాలువ కోసం. ఆ కాలువలో కాగితం మీద మన వాటా 32.5 టీఎంసీలు. కానీ 133 టీఎంసీలకని కట్టిన తుంగభద్ర డ్యాం పూడిక పేరుకొని ఇప్పుడు 105 టీఎంసీల దగ్గర ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, హొసపేటలో జరిగిన ఆ సంగతికి శింగనమల రైతు గుండె ఎందుకు గుభేలుమందో వేరే చెప్పక్కర్లేదు.

ఇందులో ఒక్కటైనా ఎమ్మెల్యే చేతిలో ఉందా? తుంగభద్ర బోర్డు కేంద్రం వేసింది. ఎగువన కర్ణాటక కడుతున్న అప్పర్ భద్ర ప్రాజెక్టుకు 5,300 కోట్లు ప్రకటించింది 2023-24 కేంద్ర బడ్జెట్. అంటే నీటి ప్రశ్నలో సగం పార్లమెంటు ప్రశ్న. అయితే ఆంధ్రప్రదేశ్‌లో 1999 నుంచి అసెంబ్లీకీ లోక్‌సభకూ ఒకే రోజు ఓటు. 2024 మే 13న కూడా అంతే. ఒకే గదిలో రెండు యంత్రాలు. ఆలోచన అంతా ఒకదాని మీద ఖర్చయిపోతుంది. రెండో బటన్ మొదటి దాని వెంట నడుస్తుంది. దేశానికి ఎన్నిక జరుగుతోందన్న ఊసే ఊళ్లో వినిపించదు.

అసలు చిక్కు ఇంకా లోపల ఉంది. ఓటరు అడిగేది రేపటి సంగతి. నాయకుడు అడిగేది నిన్నటి లెక్క. ‘ఇన్ని చేశాం, మీ ఋణం మీరు తీర్చుకోండి’ అని ఒక పక్షం, ‘ఆ ఉప్పు తిన్నది మరిచిపోయారా’ అని ఇంకో పక్షం. పథకాలకు పెట్టిన పేర్లూ అలాంటివే: చంద్రన్న సంక్రాంతి కానుక, జగనన్న విద్యా కానుక. ఇద్దరికీ ఎంతెంత వైరమున్నా, ఖజానా డబ్బు తమ ఇంటి పెట్టెలోంచి తీసి ఇస్తున్నట్టు చెప్పుకోవడంలో మాత్రం ఏకాభిప్రాయం ఉంది.

దీన్ని ఉత్త రాజకీయ నాటకమని కొట్టిపారేయడం తేలిక. కానీ వినేవాళ్ల మనసులో అది నాటకంగా ఉండదు. నెల మొదటి తారీఖున ఇంటి గడప దగ్గరే 4,000 రూపాయల పింఛను అందుకునే ముసలావిడకు, ఇచ్చినవాడికి ఎదురు వెయ్యడం పాపంలా తోస్తుంది. మేలు మరిస్తే మహాపాపమని ఆమె చిన్నప్పటి నుంచీ విన్నది. కాబట్టి ప్రశ్నను ఆమె భాషలోనే అడగాలి. ఓటరుకు కృతజ్ఞత ధర్మమా? అయితే అది ఎవరి పట్ల?

ముందు ఈ ప్రశ్న ముదిరి పాకాన పడే చోటు చూద్దాం. పోలింగుకు ముందు రాత్రుళ్లు రాష్ట్రంలో చాలా ఊళ్లలో వినిపించే కథ ఇది. వీధిలైటు వెలగని సందులో నలుగురు వస్తారు. చేతిలో ఓటర్ల జాబితా; ఇంటి నెంబరు, దాని కింద తలలు. కవరు చేతిలో పెట్టే ముందు దేవుడి పటం చూపిస్తారు, లేదా పసుపు, కుంకుమ, తమలపాకు ముందుకు జరుపుతారు. ‘దీని మీద చెయ్యేసి చెప్పక్కా.’ అక్క చెయ్యేస్తుంది. కాణిపాకం వినాయకుడి ఎదుట అబద్ధపు ప్రమాణం చేస్తే బతికి బట్టకట్టరని నమ్మే రాయలసీమలో ఆ చెయ్యి ఊరికే పడదు. నాయకులు కూడా ఒకరిపై ఒకరు ఆరోపణలు చేసుకున్నప్పుడు ‘దమ్ముంటే కాణిపాకం రా’ అంటారు గదా.

ఇలాంటిది జరుగుతుందని 1951లోనే మన చట్టం రాసినవాళ్లు ఊహించారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ లంచాన్ని అవినీతి చర్య అంటుంది, అది అందరికీ తెలిసిందే. ఓటు వెయ్యకపోతే దైవాగ్రహానికి గురవుతావని ఓటరును నమ్మించడాన్ని కూడా అదే సెక్షన్ అనుచిత ఒత్తిడిగా చూస్తుంది. కవరు ఒక నేరం, పటం ఇంకో నేరం. మేనిఫెస్టో వాగ్దానాల సంగతి వేరు. అవి ఈ సెక్షన్ కిందకు రావని సుబ్రమణియం బాలాజీ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది.

చట్టం చెప్పినంత మాత్రాన అక్క మనసులో భయం పోదు. దేవుడి పేర పడిన ముడిని కోర్టు విప్పలేదు, శాస్త్రమే విప్పాలి. మహాభారతం కర్ణపర్వంలో ఆ పని జరిగింది. గాండీవం ఇంకొకరికి ఇవ్వమన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి ఒట్టు ఉంది. ఆ మాట ధర్మరాజే అన్నాడు. అర్జునుడు కత్తి దూశాడు. అప్పుడు కృష్ణుడు కౌశికుడనే తపస్వి కథ చెప్తాడు: దొంగలు తరుముతుంటే పారిపోయి దాక్కున్న మనుషుల జాడను, సత్యవ్రతం పేరుతో, ఆ దొంగలకే చెప్పి నరకానికి పోయినవాడు. దొంగల బారి నుంచి తప్పించుకోవడానికి ఒట్టు పెట్టుకున్నా దోషం లేదన్నది అక్కడి తీర్పు. ప్రాణులను నిలబెట్టేదే ధర్మం గానీ నోటి నుంచి జారిన అక్షరం కాదని కృష్ణుడి వాదం. రాత్రిపూట కవరుతో వచ్చి చెయ్యి వేయించుకున్నవాణ్ణి ఆ దొంగల పక్కన నిలబెట్టడం అన్యాయమేమీ కాదు. నిజానికి జనం ఈ సూక్ష్మం ఎప్పుడో పట్టేశారు. రెండు పక్షాల దగ్గరా తీసుకొని తమకు తోచిన గుర్తుకే వేసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అది మెచ్చుకోదగ్గ సంగతి కాకపోయినా, కౌశికుడి కన్నా వాళ్లకే లోకజ్ఞానం ఎక్కువ.

కవరు సరే, పింఛను మాటేమిటి? అది దొంగసొమ్ము కాదు, నిజంగా ఆకలి తీర్చిన సొమ్ము. ఇక్కడ భీష్ముణ్ణి అడగాలి. యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజు కవచం విప్పి, కాలినడకన వెళ్లి పెద్దల ఆశీర్వాదం కోరతాడు. మనిషి ధనానికి దాసుడు, కౌరవుల ధనానికి కట్టుబడ్డాను అంటాడు భీష్ముడు. ద్రోణుడూ అదే అంటాడు. కృపుడూ అదే. శల్యుడూ అదే. నలుగురు మహావీరులు ఒకే సాకును వరసగా ఒప్పజెప్పే ఘట్టం భారతంలో మరొకటి ఉందేమో తెలిసినవాళ్లు చెప్పాలి. ధర్మం అటువైపు ఉందని నలుగురికీ తెలుసు. అయినా తిన్న ఉప్పు ఇటువైపు లాగింది. తెలుగువాళ్లకు ఈ బాధ కర్ణుడి ముఖంలో ఎక్కువ పరిచయం. 1977లో ‘దానవీరశూరకర్ణ’ తీసి, అందులో కర్ణుడూ సుయోధనుడూ కృష్ణుడూ తానే అయిన ఎన్టీఆర్, ఆ తర్వాత అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న హిందూపురం నుంచి మూడుసార్లు అసెంబ్లీకి గెలిచాడు.

కర్ణుడి ఋణం వేరు. అతనికి అంగరాజ్యం ఇచ్చింది దుర్యోధనుడు, స్నేహం కూడా ఇచ్చాడు. భీష్ముడి మాటలోనే తిరకాసు ఉంది. హస్తినాపురం ఖజానా దుర్యోధనుడి సంపాదన ఎప్పుడైంది? అది కురురాజ్యానిది. ఆ రాజ్యాన్ని తండ్రి పెళ్లి కోసం వదులుకొని ఆ ఇంటికే ఇచ్చినవాడు భీష్ముడు. తాను ఇచ్చిన పెట్టెలోంచి తనకు వచ్చిన కూటికి, ఆ పెట్టె మీద కూర్చున్నవాడికి ఋణపడ్డానని ఆయన అనుకున్నాడు. ఇంత పెద్ద జ్ఞాని పడ్డ పొరపాటులో పింఛను అందుకునే ముసలావిడ పడితే ఆమెను తప్పుపట్టలేం. అగ్గిపెట్టె కొన్నా, ఉప్పు తప్ప సబ్బు, నూనె ఏది కొన్నా ఆమె పన్ను కడుతూనే ఉంది. తిన్న ఉప్పు ఆమెదే.

కృతఘ్నతకు ప్రాయశ్చిత్తం లేదన్న మాట కూడా రామాయణంలో ఎవరు ఎవరితో అన్నారో చూస్తే బొమ్మ తలకిందులవుతుంది. కిష్కింధకాండలో అది లక్ష్మణుడు సుగ్రీవుడితో అన్నాడు. రాముడి సాయంతో సుగ్రీవుడికి రాజ్యం వచ్చింది. వానలు వెలిసినాక సీతను వెతికిస్తానన్నాడు. వానలు వెలిశాయి, ఆకాశం తేటపడింది, రాజు అంతఃపురం దాటి బయటికి రాలేదు. అప్పుడు లక్ష్మణుడు కోపంతో కిష్కింధకు వచ్చాడు. కాబట్టి మేలు మరిచావన్న ఆ మాట తగలాల్సింది పదవి ఇప్పించిన వాళ్లకు కాదు. పదవిలో కూర్చొని గడువు మరిచినవాడికి. ఓటేసినవాడు రాముడి వైపు ఉన్నాడు, సుగ్రీవుడి వైపు కాదు.

శాంతిపర్వంలో మొదటి రాజు కథ కూడా ఈ తీరుదే. పెద్ద చేప చిన్న చేపను మింగే అరాచకంలో జనం బ్రహ్మ దగ్గరికి పోతే ఆయన మనువును చూపిస్తాడు. మనువు వద్దంటాడు. జనం బేరం పెడతారు: పశువుల్లో, బంగారంలో యాభయ్యో వంతు, ధాన్యంలో పదో వంతు ఇస్తాం, మమ్మల్ని కాపాడు. మొట్టమొదటి మేనిఫెస్టో జనమే రాసి, రాజు కాబోయేవాడి చేతికి ఇచ్చారన్నమాట. ఇచ్చేది జీతం. జీతం తీసుకున్నవాడు పని చేసి పెట్టి, దాన్ని కానుక అనడం ఆ బేరంలో ఎక్కడా లేదు.

పురాణాలు పక్కనపెట్టి నార్పల మండలంలోని బండ్లపల్లికి వద్దాం. ఈ ఊరూ శింగనమల నియోజకవర్గంలోదే. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ ఇక్కడికి వచ్చి జాతీయ గ్రామీణ ఉపాధి హామీని ప్రారంభించారు. మొదట 200 జిల్లాలు, తర్వాత దేశమంతా. ఊళ్లలో దాన్ని ఇప్పటికీ ‘కరువు పని’ అనే అంటారు. అంతకుముందూ కరువు పనులు ఉండేవి. కలెక్టరు మంజూరు చేస్తే ఉండేవి, లేకపోతే లేదు. 2005 చట్టం ఆ వరస మార్చింది. అడిగిన పదిహేను రోజుల్లో పని చూపాలి, చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. ఆచరణలో భృతి అందిన వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, అది వేరే సంగతి. కానీ సామాజిక తనిఖీ రోజున గ్రామసభలో మస్టరు చదివి వినిపిస్తుంటే, ‘ఆ వారం నేను పనికి రాలా, నా పేరెట్లా ఉంది?’ అని ఒక కూలి లేచి నిలబడి అడగడం ఈ జిల్లాలు చూశాయి. ఆమె కానుక అందుకున్న మనిషిలా మాట్లాడలేదు. జీతమిచ్చే యజమానిలా లెక్క అడిగింది.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ 2005 చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చింది. వంద రోజులు 125 అయ్యాయి. ఖర్చులో 40 శాతం రాష్ట్రం పెట్టుకోవాలి. సేద్యం ముమ్మరంగా ఉండే కాలంలో 60 రోజులు పనులు ఆపవచ్చు. కృష్ణా డెల్టాలో ఈ ఆఖరి నియమం వల్ల నాట్లకు కూలీలు దొరకవచ్చు. శింగనమలలో వాన రాని ఏడాది విత్తనమే పడనప్పుడు సేద్యం కాలం ఎక్కడుంటుంది? కూలికి పని అక్కరపడేది సరిగ్గా ఆ నెలల్లోనే.

ఈ నేలకు త్యాగం కొత్తదేమీ కాదు. బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద ముసలమ్మను ఇప్పటికీ కొలుస్తారు. 14వ శతాబ్దంలో బుక్కరాయల పేర కట్టిన చెరువది. కట్ట తెగబోతుంటే, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇస్తే ఊరు నిలుస్తుందని ఆకాశవాణి పలికిందట. ఆమె అందరి దగ్గరా సెలవు తీసుకొని నీళ్లలోకి నడిచిందని కథ. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుకునే రోజుల్లో కట్టమంచి రామలింగారెడ్డి దీన్నే ‘ముసలమ్మ మరణం’గా రాశాడు. ఎంత గొప్పగా చెప్పినా కథలో ఒక ప్రశ్న ఎవరూ వెయ్యరు: వానకు ముందు ఆ కట్టను చూసుకోవాల్సిన అధికారి ఎవరు? ఆకాశవాణి కోడలి పేరు చెప్పింది, అధికారి పేరు చెప్పలేదు. భక్తికి ఆ పేరు అక్కర్లేదేమో. ఓటుకు కావాలి.

వచ్చే లోక్‌సభ ఎన్నికకు అభ్యర్థి ఆ కట్ట మీదుగానే ఊళ్లోకి వస్తాడు. తుంగభద్ర పూడికకు పోయిన నీళ్లలో మన వాటా ఎట్లా పూడుస్తారు, అప్పర్ భద్ర మీద సభలో ఏం మాట్లాడతారు, వాన లేని ఏడాది కూడా ఆ 60 రోజులు పని ఆపుతారా అని అడగాల్సినవి మూడు ప్రశ్నలే. జవాబు మీద నమ్మకం కుదరక ప్రమాణం అడగాలనిపిస్తే, చెయ్యి వెయ్యాల్సింది ఈసారి ఆయన. కాణిపాకం ఇక్కడికి ఒక్క పూట ప్రయాణం.