చెమట నజిస్ కాదు, మరి బల్ల ఎందుకు తుడవాలి?

మా అన్నయ్య కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. ఫజ్ర్ నమాజు తర్వాత నేరుగా జిమ్‌కు వెళతాడు. ఈ మధ్య వాడి మెడ మీద, నడుము దగ్గర గుండ్రటి ఎర్రని మచ్చలు లేచాయి. తామర. డాక్టరు గారు మందు రాసి, అక్కడ ఎవరి తువ్వాలూ వాడవద్దని, తుడవని బల్ల మీద పడుకోవద్దని చెప్పారు. ఇంట్లో ఈ మాట నడుస్తుండగా వాడు అడిగాడు: "చాచా, చెమట నజిస్ కాదు కదా! నేను లేచాక బల్ల తుడవకపోతే తప్పెలా అవుతుంది?"

మంచి ప్రశ్నే. ధర్మశాస్త్రం ప్రకారం మనిషి చెమట పరిశుద్ధమైనదే. చెమటతో తడిసిన చొక్కాతో నమాజు చేసుకోవచ్చు. కాని తహారత్ వేరు, తోటివానికి హాని కలగకుండా చూడటం వేరు. పచ్చి వెల్లుల్లి హలాలే. అయినా అది తిన్నవారు ఆ వాసనతో మస్జిదుకు రాకూడదని దైవప్రవక్త (సల్లం) ఆదేశించారు. జనం నడిచే దారిలో, సేదదీరే నీడలో మలవిసర్జన చేయటం శాపాన్ని తెచ్చే పని అని కూడా హెచ్చరించారు. ఆ నీడన తర్వాత వచ్చి కూర్చునేది ఎవరో మనకు తెలియదు. తెలియకపోయినా అతని హక్కు మన మీద ఉంది. జిమ్ బల్ల కూడా అలాంటి నీడే.

చెమట తనంతట తాను రోగం కాదు. చర్మం నుంచి రాలే పొలుసుల్లో తామర శిలీంధ్రం ఉంటుంది. పుండ్లు, సెగ్గడ్డలు తెచ్చే స్టెఫైలోకాకస్ బాక్టీరియా రెక్సిన్ మీద, ఇనుప కడ్డీల మీద రోజుల తరబడి బతకగలదు.

ఇక యజమాని సంగతి. 2020 ఆగస్టులో లాక్‌డౌన్ సడలించి జిమ్‌లు తెరిచినప్పుడు ప్రతి యంత్రం పక్కనా మందు సీసా కనిపించేది. ఇప్పుడు చాలాచోట్ల గోడ మీద బోర్డే మిగిలింది, సీసా ఖాళీ. ఉన్నచోట కూడా చల్లిన మరుక్షణమే తుడిచేస్తారు. ముందు సబ్బునీళ్ళతో మురికి పోగొట్టాలి. మురికి ఉంటే మందు సరిగా పనిచేయదు. తర్వాత సీసా మీద రాసినంత సేపు, మందును బట్టి ఒక్కోసారి 10 నిమిషాల దాకా, ఆ చోటు తడిగా ఉండాలి. ఒకే గుడ్డతో అన్ని బల్లలూ తుడిస్తే ఒకరి రోగాన్ని అందరికీ పంచిపెట్టినట్టే. బ్లీచ్ అయితే 5 శాతం ద్రావణం ఒక వంతుకు 49 వంతుల నీళ్ళు, ఏ రోజుకారోజు కలుపుకోవాలి. ఇనుము తుప్పు పడుతుంది గనుక తర్వాత నీళ్ళతో తుడవాలి. బాత్‌రూమ్ యాసిడ్‌తో మాత్రం కలపకూడదు, విషవాయువు వస్తుంది. ఈ పనంతా చేసే కుర్రవాడికి చేతి తొడుగులు ఇచ్చే యజమానులు ఎందరు?

ఒకసారి దైవప్రవక్త (సల్లం) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. పైన పొడి గింజలు, అడుగున తడివి. అలా మోసగించేవాడు తన వాడు కాడన్నారు. బోర్డు పెట్టి బల్ల కడగని వ్యాపారం ఆ రాశి లాంటిదే.

ఇదంతా మావాడు ఉత్సాహంగా విన్నాడు. తప్పంతా యజమానిదని తేలినట్టు అనిపించిందేమో! అప్పుడు నేను అడిగాను: "మచ్చలు ఎన్నాళ్ళుగా ఉన్నాయి బేటా?"

మూడు వారాలట. మందుల దుకాణంలో అడిగి ఏదో ట్యూబు కొని రాసుకున్నాడు. అలాంటి వాటిలో చాలావరకు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. దురద తగ్గినట్టు అనిపిస్తుంది గాని తామర లోలోపల ముదురుతుంది. చొక్కా కింద మచ్చలు దాచుకుని ఆ మూడు వారాలూ జిమ్‌కు వెళ్ళాడు. రోగమున్న ఒంటెలను ఆరోగ్యంగా ఉన్న ఒంటెల దగ్గరకు తోలుకురాకూడదన్న హదీసు వాడికి తెలుసు, మద్రసాలో చదువుకున్నదే. నేను గుర్తుచేయలేదు.

"మూడు నెలల ఫీజు ముందే కట్టేశాను చాచా" అన్నాడు కాసేపాగి.

మరునాడు ఫజ్ర్ తర్వాత మస్జిదు మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ, జిమ్ నడిపే ఆయన నంబరుకు ఫోను చేశాడు. ఏ బల్ల వాడాడో, ఎన్నాళ్ళు వాడాడో చెబుతుంటే నేను కొంచెం దూరంగా నిలబడ్డాను.