పడుకొన్న గడ్డి

ఇంటి ముంగిట గడ్డి పెంచుట మన పూర్వులు మెచ్చిన పని కాదు. తెల్లవారకముందే ఊడ్చి, పేడనీళ్లతో కల్లాపి చల్లి, ముగ్గు తీర్చిన వట్టి నేలయందే వారికి శుచియు శోభయు కనిపించినవి. గడ్డి మొలచిన వాకిలి ఆలనాపాలనా లేని యింటికి గుర్తు. దొరల బంగళాల వెంట ఈ దేశమునకు వచ్చిన లాను ఈ అభిరుచిని తలక్రిందులు చేసినది. నేడు హైదరాబాదునందుగాని, విశాఖపట్నమునందుగాని ఇల్లు కట్టగా గుప్పెడు ఖాళీస్థలము మిగిలిన గృహస్థుడు, అచ్చట ఒకే జాతి గడ్డి ఒకే యెత్తున, ఒకే వన్నెతో నిలువవలెనని కోరును. ఆ కోరికను నేల మన్నింపకున్న కొలదిని అతని పట్టుదల పెరుగును.

నేల ఎక్కువ కాలము మన్నింపదు. నాలుగైదేండ్లకు పచ్చిక అక్కడక్కడ పలుచబడును, గరిక ప్రాకును, తుంగ తలయెత్తును. అప్పుడు యజమాని విసిగి, పాత పచ్చికనంతయు పారలతో చెక్కించి, ఎఱ్ఱమట్టియు మాగిన పశువుల ఎరువును పఱపించి, నర్సరీవారు పలుచని మట్టిపొరతో సహా చదరములుగా కోసి తెచ్చిన కొరియను గడ్డిని అంచునకు అంచు చేర్చి నేలపై పేర్పించి, రోలరు త్రిప్పించి, పూటపూటకు నీరు పెట్టించును. రెండు మూడు వారములలో క్రొత్త వేళ్లు క్రింది మట్టిని పట్టుకొనును, చూచినవారెల్ల మెచ్చుకొందురు, ఇక పాతదాని పీడ వదలినదని యజమాని నిశ్చింతుడై యున్న యొకానొక ఉదయమున, చదరమునకును చదరమునకును నడుమనున్న సందులో, సూదివంటి తుంగమొలక యొకటి కనబడును.

ఇందులో వింత యేమియు లేదు. 1977లో వెలువడిన ప్రపంచపు కలుపుమొక్కల ప్రసిద్ధగ్రంథమున లెరాయ్ హోల్మ్ ప్రభృతులు తుంగకు ప్రథమస్థానమును, గరికకు ద్వితీయస్థానమును ఇచ్చిరి. గరిక నేలపై తీగలతోను, నేలలోపల కాండములతోను ప్రాకును. ప్రతి కణుపును ఒక మొక్కయే, కనుక పార తగిలి పది ముక్కలైన గరిక పది గరికలగును. తుంగ సంగతి ఇంకను గహనమైనది. దాని దుంపలు భూమిలో ఒకదానికొకటి సన్నని భూగర్భకాండములతో ముడివడి గొలుసుగా నుండును. గొలుసు కొననున్న దుంప మొలచినంతకాలము తక్కినవానిలో పెక్కులు మొలవక ఊరకుండును. పైమొక్కను పెఱికినను, త్రవ్వి గొలుసును త్రెంచినను, అంతవరకు మౌనముగానున్న దుంపలన్నియు ఒక్కసారిగా చిగుర్చును. ఆ మొలక పాలిథీను పట్టాను సైతము పొడుచుకొని పైకి వచ్చుననగా, వ్రేలెడు మట్టిపొర దానికొక అడ్డు కానేరదు. కడియపులంకనుండి వచ్చిన తోటమాలి యొకడు, క్రొత్త పచ్చికలో పాత తుంగను చూచి కోపించిన యజమానితో, బొరిగె ప్రక్కన పెట్టి నింపాదిగా అన్నాడు: “అది చావలేదండయ్యా, పడుకుంది. మనమే పారేసి తవ్వి లేపాం.”

పతంజలి మహర్షి చిత్తమును బాధించు క్లేశములకు చెప్పిన నాలుగు అవస్థలలో మొదటిదియు ఈ నిద్రయే. అవిద్య నేల, అస్మితారాగద్వేషాదులు దానియందు మొలచునవి, అవి నిద్రించు ప్రసుప్తములుగానో, పలుచబడిన తనువులుగానో, నడుమ నడుమ తెగిన విచ్ఛిన్నములుగానో, విజృంభించిన ఉదారములుగానో ఉండునని ఆయన విభజించెను. పైకి కనిపించు కలుపు నాలుగవది మాత్రమే. మనము మంచివారమని మనకు తోచు దినములన్నియు తక్కిన మూటిలో ఏదో యొకదాని చలువయే యగునేమోనన్న శంక ఈ విభజనలో దాగియున్నది. వ్యాసభాష్యమున నొక చమత్కారమైన దృష్టాంతము కలదు: చైత్రుడు ఒక స్త్రీయందు అనురక్తుడై యున్నంతమాత్రమున ఇతర స్త్రీలయందు విరక్తుడని తలపరాదు, ఒకచోట రాగము పాఱుచున్నది, ఇతరత్ర తన వంతునకై వేచియున్నది, అంతే. ఇంత నిర్మొగమాటముగా మనుష్యస్వభావమును చెప్పిన మాట శాస్త్రములలో అరుదుగా దొరకును. ఈ నాలుగింటికి అతీతముగా ఐదవ అవస్థను కూడ భాష్యకారుడు పేర్కొనెను: జ్ఞానాగ్నిచేత వేగిన విత్తు. అది విత్తువలెనే కనబడును. నీరు తగిలినను, విషయము ఎదుట నిలిచినను మొలవదు. నిద్రించుచున్న విత్తునకును వేగిన విత్తునకును పైకి భేదము లేదన్నదే ఇందలి చిక్కు. వాన కురియుదాక ఏది యేదో చెప్పుట ఎవరి తరము?

అంతేకాదు, వివేకము స్థిరముగా ప్రవహించుచున్న చిత్తమందు సైతము నడుమ నడుమ రంధ్రములుండుననియు, పూర్వసంస్కారములవలన అన్యభావములు ఆ రంధ్రములగుండ వచ్చుననియు యోగశాస్త్రపు నాలుగవ పాదము ఒప్పుకొనుచున్నది. సాధనారంభమున నున్నవానికి కాదు, తీరము చేరవచ్చినవానికి చెప్పిన మాట యిది. చదరముల సందునుండి తుంగ వచ్చినట్లన్న పోలికను ఇచ్చట సాగదీయను, చదువరికే తోచియుండును.

వేదాంతి ఈ మాట కడ్డుతగులును. జ్ఞానము కలిగిన తరువాత కలుపు ఎక్కడిది? త్రాడని తెలిసినవానికి పాము మఱల కనబడునా? ఈ ఆక్షేపణకు సమాధానము వెదకువారు 14వ శతాబ్దమున శృంగేరి పీఠము నలంకరించిన విద్యారణ్యస్వాములవారి జీవన్ముక్తివివేకమును చూడవలెను. ఆయన తన సంప్రదాయమునకు మూలస్తంభమువంటి వానినే సాక్షిగా పిలిచెను. యాజ్ఞవల్క్యుడు! బృహదారణ్యకపు మూడవ అధ్యాయమున, జనకుడు కొమ్ములకు బంగారము కట్టించిన వేయి గోవులను నిలిపి, మీలో బ్రహ్మిష్ఠుడైనవాడు తోలుకొనిపోవచ్చునన్నప్పుడు, కురుపాంచాలదేశపు బ్రాహ్మణులందఱు సంకోచించుచుండగా, వాదము మొదలుకాకమునుపే గోవులను తోలుకొని రమ్మని శిష్యుని పంపినవాడతడు. నీవే బ్రహ్మిష్ఠుడవా యని అశ్వలుడు నిలదీయగా, బ్రహ్మిష్ఠునకు నమస్కారము, మాకు గోవులు కావలెనని తప్పించుకొన్నవాడతడు. ఆ పలుకులోని హాస్యమును మనము ఆనందింపవచ్చును. కాని సభ ముగియులోపల, యాజ్ఞవల్క్యుని ప్రశ్నకు బదులు చెప్పలేక విదగ్ధశాకల్యుని తల తెగిపడినది. అతని యెముకలను సైతము, మఱేదో యనుకొని, దొంగలు ఎత్తుకొనిపోయిరి. ఇది హాస్యము కాదు. విద్యారణ్యులు ఈ వృత్తాంతమును కప్పిపుచ్చలేదు: ఆ సభయందు యాజ్ఞవల్క్యునకు విజయేచ్ఛ కలదు, విద్యామదము కలదు, అతని బ్రహ్మజ్ఞానము సంశయింపదగినది కాదు, కాని చిత్తమునకు విశ్రాంతి యింకను చిక్కలేదు. ఆ విశ్రాంతికొఱకే తరువాత ఇల్లు విడిచి విద్వత్సన్న్యాసమును స్వీకరించెను. కాబట్టి తత్త్వజ్ఞానమొక్కటియే చాలదు, వాసనాక్షయమును మనోనాశమును దానితోపాటు చిరకాలము అభ్యసింపవలెనని ఆయన సిద్ధాంతము. ఒక పీఠాధిపతి తన ఋషులలో అగ్రగణ్యుని యంతరంగమున కలుపు చూపగలుగుట నాకు ఆయన పాండిత్యముకంటెను గొప్పగా తోచును.

మఱియొక చిక్కు కలదు. తోటలవారందఱు ఎఱిగినదే: తుంగ క్రిందినుండియే రానక్కఱలేదు, నర్సరీమట్టితో క్రొత్త చదరములలోనే కూర్చుండి రావచ్చును. శుభవాసనలతో మలినవాసనలను అణచవలెనని యోగవాసిష్ఠము బోధించును. ఆ శుభవాసనలే దుర్వ్యసనములగు తీరును విద్యారణ్యులు శాస్త్రవాసన యను శీర్షికక్రింద వివరించిరి. మూడు ఆయుర్దాయములు వేదాధ్యయనమున గడపి, నాలుగవది లభించినను అదియే చేయుదునన్న భరద్వాజునికి, ఇంద్రుడు మూడు పర్వతములను చూపి, వానినుండి మూడు పిడికిళ్లు తీసి, నీవు చదివినది ఇంత యని తెలిపిన తైత్తిరీయబ్రాహ్మణకథ ఆయన యుదాహరణలలో నొకటి.

మన నడుమ ఏటేట 41 దినముల మండలదీక్ష పట్టువారెందఱో కలరు. నల్లబట్టలు, చన్నీటిస్నానము, నేలపడక, ఏకభుక్తము. పొగాకు లేదు, మద్యము లేదు, పరుషవాక్కు లేదు. శబరిమలనుండి వచ్చి మాల తీసిన వారమునకే పాత యలవాట్లు మఱల గుమ్మమెక్కునని వెక్కిరించువారును కలరు. ఈ వెక్కిరింత నాకు రుచింపదు. ఆ నలువదియొక దినములు ఆ యింటి ఇల్లాలు భయములేక నిదురించినది, పిల్లలు తండ్రిని ‘స్వామి’ యని పిలిచి ముచ్చటపడిరి. తరువాత తుంగ మొలచినంతమాత్రమున ముందున్న పచ్చదనము అబద్ధమైపోదు. నన్ను కలవరపెట్టునది మాలతో పోయి మఱల వచ్చిన పొగచుట్ట కాదు. మాలతోనే వచ్చి, మాల తీసిన తరువాతను మిగిలిపోవు క్రొత్త మొక్క యొకటి కలదు: నేను ఇన్ని మండలములు చేసితిననెడు లెక్క, చేయనివానిపై చిన్నచూపు. దీనిని పాత కలుపుగా ఎవరును గుర్తింపరు. ఇది క్రొత్త పచ్చిక రంగులోనే యుండును.

ఇంతవరకు గరికను దోషిగా నిలిపితిని. దానిపక్షమున చెప్పవలసినది మిగిలియున్నది. వినాయకచవితినాడు 21 పత్రములలో నొకటిగా దానినే దోసిలిపట్టి అర్చింతుము. అగ్నిచయనమున దూర్వేష్టకను ఉంచునప్పుడు పఠించు మంత్రమున ఋషి గరికను ఏమని వేడుకొనెను? నీవు కణుపు కణుపునుండి మొలచి వ్యాపించునట్లు మమ్మును నూఱింతలుగా, వేయింతలుగా వ్యాపింపజేయుమని. పచ్చికయజమాని శపించుచున్న గుణమునే ఋషి వరముగా కోరెను. తుంగముస్తలు వైద్యునకు జ్వరహరములు, మన అవ్వలకు స్నానచూర్ణపు దినుసులు. ఏ శక్తిచేత దోషము మఱల మఱల మొలచుచున్నదో, ఆ శక్తియే లేనినాడు ఓడిన మనుష్యుడు మఱునాడు లేచి నిలుచునది దేనిచేత?

ధమ్మపదమున తృష్ణావర్గమునందు బుద్ధుడు వాడిన ఉపమానము నన్ను చాలకాలము వెంటాడినది. వానకు బీరణమను గడ్డి పెరుగునట్లు తృష్ణకు లోబడినవాని దుఃఖము పెరుగునని మొదట చెప్పి, వట్టివేరు కోరువాడు బీరణమును త్రవ్వినట్లు తృష్ణ మూలమును త్రవ్వుడని తరువాత ఉపదేశించెను. బీరణపు వేరే వట్టివేరు. అనగా త్రవ్వువాడు కలుపును పాఱవేయుటకు త్రవ్వుటలేదు. అతనికి కావలసినది వేరే. వేసవి మధ్యాహ్నమున తడిపి కట్టిన వట్టివేళ్ల తడికనుండి వచ్చు పరిమళము నెఱిగినవారికి ఈ మాట వేఱుగ వినబడును. తథాగతుడు ఇంత యుద్దేశించెనని నేననను. త్రవ్వుటలోని శ్రద్ధను మాత్రమే ఆయన చూపదలచియుండవచ్చును. కాని కోపముతో పెఱుకువాని చేతిలో వేరు తెగిపోవుననియు, వేరునే కోరి త్రవ్వువాడు దానిని తుదముట్ట, తెగకుండ తీయుననియు మాత్రము పొలము పనిచేసినవారెల్ల ఎఱుగుదురు.

రైతులు వేసవి దుక్కి చేసి దుంపలను ఎండకు ఆరవేయుదురు. తోటమాలి తుంగ కనబడిన ప్రతి ఉదయమును బొరిగెతో కూర్చుండును. గరికకును తుంగకును నీడ పడదు గనుక చెట్లు నాటుట మఱియొక మార్గము, కాని అప్పుడు కొరియను గడ్డియు చిక్కిపోవును. ఎప్పటికి తీరునని యజమాని అడుగును. పతంజలి సమాధానము కఠినముగా నున్నది: స్థూలములైన క్లేశవృత్తులను ధ్యానము తొలగించును, సూక్ష్మములైనవి చిత్తము తన కారణమందు లీనమైనప్పుడే దానితో పోవును. మొక్క పోవుటకు ధ్యానము చాలును. దుంప పోవుటకు నేలయే పోవలెను. నేల పోయిన తరువాత పచ్చిక యెవరికని గృహస్థుడు అడిగినచో అది మూఢప్రశ్న కాదు. ఇల్లు విడిచి పోవుచున్న యాజ్ఞవల్క్యుడు, దేహము విడిచిన తరువాత సంజ్ఞ, అనగా ఎఱుక, ఉండదని చెప్పగా, తన్ను మోహమున పడవైచితివని భార్య మైత్రేయి అడ్డుపడినది. ఆయన బదులు చెప్పి వెడలిపోయెను. ఆమె సమాధానపడినదో లేదో ఉపనిషత్తు చెప్పలేదు.