అసూయాపద వివేచనము

ఆత్మపరీక్ష చేసికొనుచుఁ దన దోషములను నలుగురియెదుట నొప్పుకొనవలసివచ్చినప్పుడు ఒకఁడు "నేను కోపిష్ఠిని" అనును. మఱికొంత ధైర్యము గలవాఁడు "నాకు ధనాశ మెండు" అనును. "నేను అసూయాపరుఁడను" అనువానిని మేము వినియుండలేదు. అరిషడ్వర్గమునఁ గడపటిదైన మాత్సర్యము మాత్రము మనుష్యులను విడిచిపోయినదా? పోలేదు. అది వేఱొక పేరుతో మనయందే కాపురమున్నది.

ఆ పేరును గనుఁగొనుటకు ముందు పదములను ఇంచుక విడఁదీసి చూడవలెను. వాడుకలో ఈర్ష్యను అసూయను ఏకార్థములుగాఁ బ్రయోగించుచున్నాము. అమరసింహుఁ డట్లు చేయలేదు. ఆయన నిఘంటువునందు ఈర్ష్య యనఁగా ఓర్వలేమి. అసూయ యనఁగా గుణములయందు సైతము దోషము నారోపించుట. ఈ భేదము చిన్నది కాదు. పొరుగువాని పంటను జూచి కుములువాఁడు ఆ పంట మంచిదనియే యొప్పుకొనుచున్నాఁడు. మంచిది గనుకనే వాని కా కుములుట. అసూయాపరుఁడో, పంటయే మంచిది కాదనును. లేదా దొంగనీటితోఁ బండినదనును. మొదటివాఁడు తన మనస్సును బాధించుకొనుచున్నాఁడు. రెండవవాఁడు సత్యమునే మార్చుచున్నాఁడు.

మన యిండ్లలోని తెలుఁగు మాటలు ఈర్ష్యను జక్కఁగాఁ బట్టుకొన్నవి. కన్నుకుట్టుట, కడుపుమంట, కుళ్ళు: ఇవి యన్నియు బాధపడువాని శరీరమునందే యున్నవి. కుట్టినది వాని కన్నే, మండినది వాని కడుపే. వంటయింట నాడుకొను ఈ మాటలలోని వైద్యజ్ఞానము పండితుల వ్యాఖ్యలలో నరుదు. అసూయకుఁ దగిన యింటిమాట మాత్రము లేదు. "ఆడిపోసికొనుట" దానికి సమీపమే కాని, అది నోటిపని. అసూయ నోరు తెఱవక ముందే జరిగిపోవును. ఇఁక స్పర్ధ యనునది తానును అంతవాఁడు కావలెనని పాటుపడుట. దానిని పాపములతోఁ జేర్చుట యన్యాయము.

అసూయ దూరమునఁ బుట్టదు. ఒక గ్రామమున బాలికలకుఁ బాఠశాల కట్టించిన వానిని పరదేశస్థులు కొనియాడుదురు. అదే వీథివాఁడు "పేరుకొఱకుఁ గట్టించినాఁడు" అనును. గోడలు కనఁబడుచున్నవి, బాలికలు చదువుచున్నారు. వానిని గాదనుటకు వీలులేదు. ఉద్దేశము కనఁబడదు గనుక అసూయ అక్కడికిఁ బోయి కూర్చుండును. అక్కడ దానిని ఖండింపఁగల సాక్షి లేఁడు. దీనికి మనము పెట్టుకొన్న పేరు విమర్శ, ఒక్కొక్కప్పుడు సత్యనిష్ఠ. దోషములను జూపుటయే వృత్తిగాఁ బెట్టుకొన్న సంస్కర్తలకు ఈ పేరు మిక్కిలి సుఖమిచ్చును. అందుచేతనే ఆ జబ్బు మనలో నెక్కువ.

అట్లైనచో దోషమును జూపుట మానవలెనా? మానవలదు. బ్రాహ్మసమాజ చరిత్రమునుండియే యొక దృష్టాంతమును గైకొందము. కేశవచంద్రసేనుఁడు బహుకృషి చేసి 1872లో వివాహశాసనమును బుట్టింపఁ దోడ్పడెను. దానిచే వధువునకుఁ బదునాలుగు, వరునకుఁ బదునెనిమిది సంవత్సరములు కనీస వయస్సులుగా నేర్పడినవి. 1878 మార్చిలో ఆయన తన కుమార్తె సునీతిని కూచ్‌బిహారు మహారాజున కిచ్చెను. అప్పటికామెకుఁ బదుమూఁడు, అతనికిఁ బదునైదు. శివనాథశాస్త్రి, ఆనందమోహనబోసు మున్నగువారు దీనిని సహింపక ఆ మే నెలలోనే సాధారణ బ్రాహ్మసమాజమును స్థాపించిరి. ఇది యసూయ కాదు. ఉన్న దోషమును ఉన్నదనిరి, గుణమును దోషమనలేదు. కాని యెవఁడైనను ఆ పెండ్లిని బట్టి "1872 నాఁటి శ్రమయు వంచనయే" అనునేని, అమరసింహుఁడు చెప్పిన యసూయ అక్షరాల నదియే. ఆ చట్టముచేఁ గాపాడఁబడిన బాలికలు కూచ్‌బిహారు పెండ్లితో అబద్ధము కాలేదు. నిన్నటి గుణమును నేఁటి దోషముతోఁ గడిగివేయుట మనకు న్యాయమువలెఁ దోఁచును. రుజువుకూడ చేతనే యుండును గదా! అందుచేత విమర్శకులు ఈ చోట జాఱినంతగా మఱెక్కడను జాఱరు.

గౌతమధర్మసూత్రము నలువది సంస్కారములను బేర్కొని, పిమ్మట ఎనిమిది ఆత్మగుణములను జెప్పినది. దయ, క్షమల తరువాతిది అనసూయ. ఆ నలువదియు జరిగి ఈ యెనిమిదియు లేనివానికి బ్రహ్మప్రాప్తి లేదని ఆ సూత్రకారుని నిర్ణయము. కర్మకాండను మనకంటె నెక్కువగాఁ బాటించినవాఁ డీమాట చెప్పుట గమనింపఁదగినది. అయినను అనసూయ వట్టి లేమి. దోషము నారోపింపకుండుట మాత్రమే. పతంజలి యొక మెట్టు ముందునకుఁ బోయి, పుణ్యాత్ములయెడ ముదితను, అనఁగా వారి మంచికి సంతోషించుటను, అభ్యాసముగాఁ జేసికొమ్మనెను. అభ్యాసమనుటచేతనే అది దానంతట రాదని తెలియుచున్నది.

అత్రిమహర్షి భార్య పేరు అనసూయ. మనము ఆ పేరును కుమార్తెలకుఁ బ్రీతితోఁ బెట్టుకొందుము. కుమారులకు ఆ యర్థము వచ్చు పేరు పెట్టువారు మాత్రము కానరారు.