ఇంటి పరీక్షలో దాగిన ఉపాధి

పొగను బట్టి నిప్పును ఊహించడం తర్కశాస్త్రంలో నిర్దుష్టమైన అనుమానం. దానిని తిరగవేసి, నిప్పు ఉన్నది కనుక పొగ ఉండి తీరాలని వాదిస్తే అది చెల్లదు, ఎందుకంటే ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంటుంది గాని పొగ ఉండదు. పొగ రావాలంటే తడి కట్టె కావాలి. ఇలా సాధ్యం, అంటే నిరూపించదలచినది, ఉన్న ప్రతిచోటా తానూ ఉంటూ, దానికి హేతువుగా చూపినది ఉన్న ప్రతిచోటా ఉండని షరతును నైయాయికులు ‘ఉపాధి’ అన్నారు (నేటి తెలుగులో ఈ మాటకు బతుకుదెరువు అన్న అర్థమే మిగిలింది). తెలుగువాడని ప్రసిద్ధికెక్కిన అన్నంభట్టు తర్కసంగ్రహంలో దీనిని వివరించింది ఈ తడి కట్టెతోనే.

ఇటువంటి ఉపాధి వెబ్‌సైటు పనిలోనూ ఎదురవుతుంది. వెబ్‌సైటుకు స్క్రిప్టు రాసేవారు దానిని నేరుగా సర్వరుకు ఎక్కించక, ఇంటి కంప్యూటరులోనే అపాచీ అనే వెబ్ సర్వరును, పీహెచ్‌పీ భాషను, డేటాబేసును నెలకొల్పుకుని, ఆ యంత్రం తనను తాను పిలుచుకునే 127.0.0.1 అనే చిరునామాలో నడిపి చూసి, ఇక్కడ నడిచింది కనుక అక్కడా నడుస్తుందని ఊహిస్తారు. ఫైలు పేరు ఇంగ్లిషు క్యాపిటల్ అక్షరంతో మొదలై, స్క్రిప్టు దానిని చిన్న అక్షరంతో పిలిస్తే, ఇంట్లోని విండోస్ ఆ తేడాను పట్టించుకోదు. సర్వరులోని లినక్స్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు కనుక, అటువంటి ఫైలే లేదని పేజీ ఆగిపోతుంది. అక్షరాలు అచ్చంగా సరిపోవడమే ఇక్కడి తడి కట్టె: సర్వరులో నడిచే ప్రతి స్క్రిప్టుకూ అది ఉంటుంది, ఇంట్లో నడిచే ప్రతిదానికీ ఉండనక్కరలేదు. పెర్ల్ భాషలో రాసిన స్క్రిప్టు విషయంలో ఉపాధి కంటికి కూడా కనిపించదు. విండోస్ ప్రతి పంక్తి చివరా చేర్చే అదనపు గుర్తు మొదటి పంక్తిలోని పెర్ల్ చిరునామాకు అంటుకుపోగా, సర్వరు ఆ పేరుగల ప్రోగ్రామును వెదికి, దొరక్క, 500 అనే దోషసంఖ్యను చూపుతుంది.

ఇటువంటి ఉపాధులు ఇంకెన్ని దాగి ఉన్నాయో తెలియదు కనుక అనుమానం ప్రమాణమే కాదన్నది చార్వాకుల ఆక్షేపం. సందేహానికి ఆచరణతో వచ్చే విరోధమే హద్దని, పొగ కావలసి నిప్పు రాజేసేవాడు ఆ రెంటి సంబంధాన్ని శంకించలేడని ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో బదులిచ్చాడు. శ్రీనాథుడు తెనిగించిన నైషధానికి కర్త అయిన శ్రీహర్షుడు, ఖండనఖండఖాద్యంలో ఈ బదులునే తిప్పికొట్టి, విరోధమున్నదంటేనే శంక ఉన్నట్టు లెక్క అన్నాడు. ఇంట్లోనూ లినక్స్‌నే, సర్వరులో ఉన్న పీహెచ్‌పీ వెర్షన్‌నే పెట్టుకుంటే కొన్ని ఉపాధులు తొలగుతాయి గాని, ఒకేసారి వేలమంది తలుపు తట్టడమన్నది ఇంట్లో ఒంటరిగా కూర్చుని చూడగలిగేది కాదు. ఈ వివాదంలో పనివారి అలవాటు శ్రీహర్షుడి వైపే మొగ్గుతుంది: ఇంట్లో ఎన్నిసార్లు నడిచినా, పాత స్క్రిప్టు నకలును పక్కన భద్రపరచుకున్న తరువాతనే వారు కొత్తదానిని సర్వరుకు ఎక్కిస్తారు.