మాత్ర మానటం విశ్వాసానికి నిదర్శనమా?

రెండేళ్ళ క్రితం జుమా నమాజు తర్వాత గుడివాడకు చెందిన ఒక యువకుడు నా పక్కన కూర్చున్నాడు. "మౌలానా సాబ్, మూడు నెలలుగా డిప్రెషన్‌కు మందులు వాడుతున్నాను. నా ఈమాన్ బలహీనమైపోయిందా?" అని అడిగాడు. నేను తొందరపడ్డాను. "మాత్రలు మాని జిక్ర్ పెంచు బేటా, అల్లాహ్‌పై భారం వెయ్యి" అన్నాను. అతను ఆ రోజే మానేశాడు. వారం తిరక్కముందే అతని తండ్రి ఫోను చేశారు. కుర్రాడికి నిద్ర లేదు, కళ్ళు తిరుగుతున్నాయి, తలలో కరెంటు షాకు కొట్టినట్టుంది, ఊరికే ఏడుస్తున్నాడు. డాక్టరుగారు మందు మళ్ళీ మొదలుపెట్టాక గాని కుదుటపడలేదు.

ప్రియ సోదరులారా! ఆ తప్పు నాది. మరొకరు ఆ తప్పు చేయకూడదనే ఈ నాలుగు మాటలు.

దుఃఖం అవిశ్వాసం కాదు

హజ్రత్ యాఖూబ్ (అ) కుమారుని ఎడబాటుకు కుమిలి కంటిచూపు కోల్పోయారని దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది. ఆయన విశ్వాసాన్ని శంకించగలవారెవరు?

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలను బలిగొంది. అయినవారిని పోగొట్టుకున్నవారి శోకాన్ని ఎవరూ తప్పు పట్టరు. దాని కారణం అందరికీ కనిపిస్తుంది. కాని ఇల్లూ, ఉద్యోగమూ ఉన్న మనిషి కుంగిపోతే మాత్రం 'నమాజులో లోపం' అనేస్తాం. క్రీ.శ. 934లో మరణించిన ముస్లిం పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ ఈ రెంటినీ ఆనాడే వేరుచేశారు. కారణం తెలిసిన దుఃఖం ఒకటి, కారణం తెలియకుండా కమ్ముకొచ్చేది మరొకటి. రెండవదాని మూలం శరీరంలో ఉంటుందని, దానికి దేహ చికిత్స కావాలని ఆయన వ్రాశారు.

మందు తవక్కుల్‌కు విరుద్ధమా?

కాదు. ముందు ఒంటెను కట్టి, ఆ పిదప అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) బోధించారు. అల్లాహ్ ప్రతి వ్యాధికీ మందునూ దింపాడని తెలిపారు. షుగరుకు మాత్ర మింగే మనం మనసు జబ్బుకు మింగటానికి సిగ్గుపడటం దేనికి? ఈ మందులు సారాయిలా మత్తెక్కించేవి కావు, మరింత కావాలనే యావ పుట్టించేవీ కావు. అయితే శరీరం వాటికి అలవాటు పడుతుంది. హఠాత్తుగా ఆపితే తట్టుకోలేదు.

మానాలనుకునేవారు

మందు పని చేయటానికి సాధారణంగా 2 నుండి 6 వారాలు పడుతుంది. తొలి వారాలలో, ముఖ్యంగా యువకులలో, చనిపోవాలనే తలంపులు పెరిగితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. కోలుకున్న తర్వాత కూడా కనీసం 6 నెలలు కొనసాగించమంటారు. ఆపైన మానాలనుకోవటం తప్పు కాదు. కాని డాక్టరు పర్యవేక్షణలో, వారాల తరబడి, కొందరు నెలల తరబడి మోతాదు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. చివరికొచ్చేకొద్దీ మరీ కొంచెం కొంచెంగా తగ్గించాలి. పరోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వంటివి ఆపేటప్పుడు ఇబ్బంది ఎక్కువ. మధ్యలో కళ్ళు తిరిగితే, నిద్ర పట్టకపోతే జబ్బు తిరగబెట్టిందని బెంబేలుపడకండి. అది మోతాదు త్వరగా తగ్గించినందువల్ల కూడా కావచ్చు. రమజానులో మాత్రల వేళను ఇఫ్తార్‌కో సహరీకో మార్చుకునే ముందు కూడా డాక్టరునే అడగండి. వ్యాధిగ్రస్తునికి ఉపవాసం నుండి మినహాయింపు ఇచ్చినవాడు అల్లాహ్‌యే.

తెలియనిది అడగండి

ఒక ప్రయాణంలో తలకు గాయమైన వ్యక్తికి గుసుల్ అవసరమైంది. తయమ్ముమ్ సరిపోతుందా అని అడిగితే తోటివారు కుదరదన్నారు. అతను స్నానం చేసి మరణించాడు. ఆ సంగతి విని దైవప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు, తెలియనితనానికి మందు అడిగి తెలుసుకోవటమేనన్నారు. ఈ హదీసును మదరసాలో ఎన్నిసార్లు చదివానో! గుడివాడ యువకుని ముందు మాత్రం గుర్తు రాలేదు. దేహం అల్లాహ్ మనకిచ్చిన అమానతు. పరుల అమానతుపై తెలియకుండా తీర్పు చెప్పే హక్కు నాకెక్కడిది?

ఇప్పుడెవరైనా అడిగితే, "నమాజు, దుఆ విడువకు, మందు కూడా విడువకు. మానాలనుంటే డాక్టరుతో మాట్లాడు" అంటున్నాను. దగ్గరలో మనోవైద్యుడు లేకపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ యువకుడు మరో ఏడాది మందు వాడి, నాలుగు నెలలలో మెల్లగా మానాడు. క్షమించమని అడిగితే, "మీరు అడగటమే చాలు మౌలానా సాబ్" అన్నాడు.

అల్లాహ్ రోగులకు స్వస్థతను, సలహా చెప్పేవారికి వినయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.